అయ్యవారు ఎక్కడివారు?

కొంతకాలంగా ఈ పుట ఖాళీగా ఉన్నది. వ్రాయుటకు విషయం లేక కాదు, కన్నులు సహకరింపక. ఇంకా ఇటు తొంగిచూచే పాత మిత్రులు కొందరైనా ఉన్నారన్న ధైర్యంతో లేఖినిని మరల తెరిచాను. అచ్చుతప్పులుంటే ఎప్పటివలెనే వ్యాఖ్యలలో చెప్పండి, దిద్దుకుంటాను.

గత మాసంలో శాలిబండ వైపు ఒక శుభకార్యానికి వెళ్ళాను. భోజనాలు ముగిసి చేతులు కడుగుకొంటూండగా నలుబదేండ్ల స్త్రీ ఒకామె దగ్గరకు వచ్చి, "సలామలేకుం సార్, నన్ను గుర్తుపట్టారా?" అన్నది. పట్టలేదు. తానే చెప్పింది. ఉర్దూ మాధ్యమంలో చదువుకొంటూ నా వద్ద మూడు సంవత్సరాలు తెలుగు నేర్చుకొన్నదట. ఇప్పుడు తానే ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉర్దూ మాధ్యమం పిల్లలకు తెలుగు చెబుతున్నదట. నాకు కలిగిన ఆనందం చెప్పనలవి కాదు. "ఇన్ని శాస్త్రాలుండగా తెలుగే ఎందుకమ్మా?" అని అడిగాను. "మా అమ్మీ రేషను కాగితం చేత పట్టుకొని, జర చదివి చెప్పండని ఆఫీసు ముందు అందరినీ అడుగుతుండె సార్. నాకు సిగ్గనిపిస్తుండె. అందుకే" అన్నది. ఆపైన అదే ప్రశ్న నావైపు త్రిప్పింది. "మీరెందుకయ్యారు సార్, తెలుగు పండితులు?"

"భాషాభిమానం తల్లీ" అన్నాను.

ఇంటికి వచ్చునంతవరకు ఆ మాట గొంతులో ముల్లువలె గుచ్చుతూనే ఉన్నది. ముప్పది నాలుగేండ్లు పాఠాలు చెప్పి 2017లో విశ్రాంతి తీసుకొన్నవాడను. పదవీ విరమణ సభలో ఇదే మాట అన్నాను, శాలువా కప్పినవారూ ఇదే అన్నారు. అది నిజమా? ఈ విచికిత్సలోనే మా పాతనగరంలో చదువు చెప్పినవారందరూ ఎవరు, ఎక్కడినుండి వచ్చారు, ఏమి ఆశించి వచ్చారు అన్న ఆలోచన మొదలైనది. ఈ టపా దాని ఫలితం.

మొదట మౌల్వీల సంగతి. మొదటి సాలార్ జంగ్ దివానుగిరీలో, 1850లలో, దారుల్ ఉలూమ్ అనే మదరసా వెలసినది. అరబ్బీ, పారశీకాలకు అది ఆటపట్టు. అక్కడ బోధించినవారికి విద్య వంశధనం. మన వైపు వీధిబడి అయ్యవారికి తాటాకు ఎట్లు తాతలనుండి వచ్చేదో, వారికి కితాబు అట్లే వచ్చేది. "ఎందుకు ఉపాధ్యాయుడవైనావు?" అని వారిని అడిగితే ప్రశ్నే అర్థమై ఉండదు. కుమ్మరి కొడుకును కుండ ఎందుకు చేస్తావని అడిగినట్లు.

ఆ స్థితి 1880లలో చెదిరింది. పాలనాభాష పారశీకంనుండి ఉర్దూకు మారింది. తరతరాలుగా పారశీకంలో లెక్కలు వ్రాసి బ్రతికిన కుటుంబాలకు కాళ్ళక్రింది నేల కదలినట్లయినది. పాతనగరంలో ధర్మవంత్, ముఫీదుల్ అనామ్ పాఠశాలలు పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో కాయస్థుల పూనికతో ఏర్పడినవే. కొలువులపై ఆధారపడిన ఒక సమాజం, ముందుతరానికి ఆ కొలువులు జారిపోకుండా బడి కట్టుకొన్నదని నా ఊహ. ఇందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. కచేరీలో భాష మారిన నాడు, నిన్నటి పండితుడు ఇవాళ నిరక్షరకుక్షి అవుతాడు. ఈ మాట మరచిపోకండి, దీనితో నాకు తరువాత పని ఉన్నది.

దారుల్ ఉలూమ్ శాఖోపశాఖలై, అందులోనుండి సిటీ హైస్కూలు వచ్చింది. మూసీ ఒడ్డున, హైకోర్టు ప్రక్కన నేడు మనం చూచే ఆ ఎర్రని గంభీరమైన భవనంలోనికి 1921లో మారింది. ఆ ఏటనే ఉస్మానియా క్రింద ఇంటర్మీడియెట్ తరగతులు, ఉర్దూ మాధ్యమంలో, ముప్పది మంది విద్యార్థులతో మొదలైనవి. 1929లో అది సిటీ కళాశాల అయింది. ఆ గదులలో పాఠం చెప్పినవారిలో మఖ్దూం మొహియుద్దీన్ ఒకరు. మెదక్ జిల్లా ఆందోలులో 1908లో పుట్టినవాడు. పసితనంలోనే తండ్రి పోయాడు, పినతండ్రి పెంచాడు. మసీదు ఊడ్చి, నీళ్ళు తోడి పెరిగిన బాల్యం. రష్యాలో విప్లవం వచ్చిందనీ, అక్కడ అందరూ ఒకే దస్తర్ఖాన్ మీద కూర్చుని భుజిస్తారనీ ఆ పినతండ్రి చెప్పిన మాట పిల్లవాని మనస్సులో నాటుకొన్నదని చెబుతారు. అటువంటి బాల్యం ఆయనను ఉపాధ్యాయుని చేసింది, అదే బాల్యం ఆయనను ఆ ఉద్యోగంలో నిలువనీయలేదు. 1941లో రాజీనామా చేసి కార్మికులలోనికి వెళ్ళిపోయాడు. నా విద్యార్థి దశలో మేము ఆయనను కవిగానే ఎరుగుదుము. ఒక ఉపాధ్యాయుడుగా ఆలోచించినప్పుడు మాత్రం, ఆయన ఖాళీ చేసి వెళ్ళిన ఆ కుర్చీ నాకు కనబడుతుంది.

నది దాటితే ఇసామియా బజారు. పాతనగరం కాదు గాని, చాదర్‌ఘాట్ వంతెనకు అవతలి ఒడ్డే. భాగ్యరెడ్డివర్మ 1910లో ఇసామియా బజారులోనూ, లింగంపల్లిలోనూ అంటరానివారిగా త్రోసివేయబడిన కులాల పిల్లలకోసం బడులు తెరిచాడు. 1888లో జన్మించిన ఈయన అసలు పేరు మాదరి భాగయ్య. ఈయనకూ తండ్రి చిన్ననాడే పోయాడు. సికింద్రాబాదులో ఒక న్యాయవాది ఇంట పనికి కుదిరి, అక్కడ పెరిగాడు. ఇంటి పనివాడుగా ఉన్న పిల్లవాడు పుస్తకం ఎటువంటి వస్తువో చూచినది అక్కడనే కావచ్చు. రెండుతో మొదలైన ఆ బడులు ఇరువది ఆరుకు పెరిగి, 1930లలో నిజాం ప్రభుత్వం వాటిని తన అధీనంలోకి తీసుకొన్నది. వాటిలో తెలుగులో చదువు చెప్పేవారు. రాజధానిలో ప్రభుత్వ పాఠశాలలన్నీ ఉర్దూ పలుకుతున్న రోజులలో! తెలుగుకు మేమే సేవచేశామని చెప్పుకొనే మావంటి పండితవర్గం ఈ ఒక్క విషయాన్ని జ్ఞాపకం పెట్టుకొంటే బాగుంటుంది. వ్యాకరణం మా వద్ద ఉండవచ్చు. తెలుగు బడి మాత్రం ఆయన వద్ద ఉన్నది.

విశ్వవిద్యాలయం కథ అందరికీ తెలిసినదే, కనుక త్వరగా దాటుతాను. 1917లో అనువాద శాఖ, 1918లో ఉస్మానియా. శాస్త్రాలన్నీ ఉర్దూలోనికి తర్జుమా అయినవి. అక్కడ తెలుగు ఒక పాఠ్యాంశం మాత్రమే. దానిని చెప్పుటకు గుంటూరు సీమనుండి రాయప్రోలు సుబ్బారావుగారు వచ్చారు. మరొక తరానికి, కరీంనగరు జిల్లా హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు, చదువంతా ఉర్దూ మాధ్యమంలో సాగించి, చివరకు తెలుగు అధ్యాపకులైనారు. మాతృభాష బడిలో దొరకనివాడు ఆ భాషనే బ్రతుకుగా చేసుకొనుట! ఇంతకన్న నా ప్రశ్నకు దగ్గర సమాధానం మరొకటి ఉండదని చాలాకాలం అనుకొన్నాను.

ఇక 1948 సెప్టెంబరు. పోలీసు చర్య తరువాత బడులలో మాతృభాషకు తలుపులు తెరుచుకొన్నవి. తహతానియా, వస్తానియా, ఫౌఖానియాలు పోయి ప్రాథమిక, మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు వచ్చాయి. పేర్లు మార్చుట సులభమే. తెలుగులో పాఠం చెప్పేవారేరీ? ఒక తరం మొత్తం ఉర్దూలో చదివింది. సర్కారు జిల్లాలలోనో, తెలుగూ ఇంగ్లీషూ వచ్చి ఉద్యోగం లేనివారు కోకొల్లలు. అటునుండి ఇటు ప్రవాహం మొదలైనది.

నియమాలు లేకపోలేదు. నిజాం కాలం నాటి ముల్కీ నిబంధన ప్రకారం ఈ రాజ్యంలో కొలువు కావాలంటే ఇక్కడ పుట్టినవాడై ఉండాలి, లేదా పదునైదేండ్లు నివసించి ఉండాలి. దొంగ ముల్కీ పత్రాలు పుట్టుకువచ్చాయి. 1952 వేసవి గడచిన తరువాత వరంగల్లులో అగ్గి రాజుకొన్నది. అక్కడ పాఠశాలల డివిజనల్ ఇన్స్పెక్టరు చేసిన బదిలీలు, స్థానికేతరుల నియామకాలే దానికి తక్షణ కారణం. గమనించండి, ఆ ముల్కీ ఉద్యమం నీళ్ళకోసం రాలేదు, నిధులకోసం రాలేదు. పాఠం ఎవరు చెప్పాలన్న ప్రశ్నపై వచ్చింది. గైర్ ముల్కీ గోబ్యాక్ అన్న నినాదం హైదరాబాదు చేరింది. సెప్టెంబరు 3న సిటీ కళాశాల వద్ద విద్యార్థుల గుంపుపై పోలీసులు కాల్పులు జరిపారు. మరునాడు మరల కాల్పులు. యువకులు ప్రాణాలు కోల్పోయారు. బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి. విచారణకు హైకోర్టు న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారిని నియమించారు. ఆ హైకోర్టుకూ, ఆ కళాశాలకూ నడుమ ఉన్నది కొన్ని అడుగుల దూరమే.

ఆ సంఘటన జరిగిన ఏడేండ్లకు నేను పుట్టాను. అయినా ఆ వీధిని ప్రత్యక్షంగా చూచినవారిద్దరు నాకు గురువులైనారు.

మా తెలుగు పండితులవారు గోదావరి జిల్లానుండి 1950లో వచ్చినవారు. హరిబౌలిలో ఒక గది అద్దెకు తీసుకొన్నారు. తెల్లని పంచె, భుజాన ఉత్తరీయం, పద్యం ఎత్తుకొంటే వీధి మొత్తం వినవలసిందే. మేము ఆయనను సరస్వతీపుత్రుడనే భావించేవారం. నేను పండిత శిక్షణలో చేరే ముందు ఆశీర్వాదానికి వెళితే, ఆయన నవ్వి, "భాషకు సేవ చేద్దామనే కదా? మంచిదే. నేను మాత్రం తెలుగుతల్లి సేవకు రాలేదోయ్. ముగ్గురు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు వచ్చాను. మా ఊళ్ళో నావంటి భాషాప్రవీణులు వీధికి ఇద్దరు. ఇక్కడ నెలజీతం" అన్నారు. ఆనాడు నా మనస్సు చివుక్కుమన్నది. ఇంత గొప్ప పండితుడు పొట్టకూటికి వచ్చానంటాడేమిటని.

1952 సెప్టెంబరులో ఆయన మూడు రోజులు గది దాటి బయటకు రాలేదట. ఇంటి యజమానురాలు ఇక్కడి ఆవిడే. తలుపు సందున అన్నం గిన్నె పెట్టి వెళ్ళేదట. "ముల్కీ అన్నమే తిన్నానోయ్" అనేవారు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం నవ్వేవారు కారు.

రెండవవారు మా లెక్కల మాస్టారు. పాలమూరు వైపువారు. 1952లో సిటీ కళాశాల విద్యార్థి, ఆ గుంపులో ఉన్నారు. ప్రక్కన నిలుచున్నవాడు కూలిపోవుట చూచారు. చదువంతా ఉర్దూలో. ఉద్యోగం వచ్చేనాటికి తెలుగులో చెప్పమన్నారు. పాపం, నల్లబల్లపై త్రిభుజం గీసి "ముసల్లస్" అనేవారు, నాలుక కరచుకొని "త్రిభుజం" అనేవారు. కోణం ఆయనకు ఎప్పుడూ ముందు "జావియా"యే. తెలుగు పారిభాషిక పదాలు ఆయనకు ఎవరు నేర్పారనుకొన్నారు? మా పండితులవారే. విరామ సమయంలో ఉపాధ్యాయుల గదిలో ఆ పాఠం నడిచేది. ఒకనాడు లెక్కల మాస్టారే చెప్పారు: "నాకు రావలసిన నౌకరీ ఇసుంటోళ్ళు గుంజుకొన్నరనుకొన్న. నినాదాలిచ్చిన. ఆఖర్కి ఆయన దగ్గర్నే అఆలు దిద్దుకొన్న." ఆయన కోపం మాత్రం పోలేదు. 1969లో మరల ఉద్యమం వచ్చినప్పుడు ఆయన జెండా పట్టుకొన్నారు. పండితులవారు ఆ రోజులలో ఆయన తరగతులు కూడా తామే చెప్పి, హాజరు పట్టీలో ఏ తేడా రాకుండా చూచుకొన్నారని నాకు చాలా ఏండ్లకు తెలిసినది. ఎవరు న్యాయం, ఎవరు అన్యాయం అని నన్నడిగితే, స్థానికునికి కొలువు దక్కకపోవుట అన్యాయమే అంటాను. ఆ అన్యాయానికి ఆధారమైన కాగితం మీద సంతకం మా పండితులవారిది కాదని కూడా అంటాను.

డాన్ లోర్టీ అని అమెరికాలో ఒక సామాజిక శాస్త్రవేత్త, ఉపాధ్యాయులపైన 1975లో ఒక గ్రంథం వ్రాశాడు. ఉపాధ్యాయుడు శిక్షణ కళాశాలలో తయారు కాడు, తాను విద్యార్థిగా బల్లపై కూర్చుని గురువులను చూచిన వేల గంటలలోనే సగం తయారవుతాడని అతని సిద్ధాంతం. నిజమే ననిపిస్తుంది. పద్యం ఎత్తుకొనే తీరు నాకు పండితులవారినుండి వచ్చింది. తప్పు చేసిన పిల్లవానిని అందరి ముందు కాక విడిగా పిలిచి చెప్పుట లెక్కల మాస్టారినుండి వచ్చింది. కాని, ఇది ఎట్లు చెప్పాలో నేర్పింది. ఎందుకు చెప్పాలో కాదు.

ఆ "ఎందుకు" కోసం నేను మా ఇంటిలోనికి వెళ్ళవలసి వచ్చింది. ఇంతవరకు ఈ పుటలో మా నాయనగారి గురించి వ్రాయలేదు.

మా నాయన లాల్ దర్వాజా వారు. మా ఇంటి భాష తెలుగు. ఆయన వస్తానియా వరకు ఉర్దూలో చదివి, ఒక కార్యాలయంలో గుమాస్తాగా కుదిరారు. దస్తూరీ ముత్యాలవలె ఉండేదట. మిసిళ్ళన్నీ ఉర్దూలో ఉన్నన్నాళ్ళు ఆయనకు లోటు లేదు. 1948 తరువాత మొదట ఇంగ్లీషు వచ్చిపడింది. 1966లో అధికార భాషా చట్టం వచ్చి, తెలుగు కాగితాలు బల్లపైకి రాసాగాయి. అందరూ పండుగ చేసుకొన్నారు. మా నాయనకు తెలుగు మాట్లాడుటయే గాని చదువుట రాదు. తన తల్లి మాటను తానే చదువుకోలేని మనిషి! మెల్లగా ఆయనను పాత రికార్డు గదిలోకి పంపారు. ఎవరికైనా పాత ఉర్దూ మిసిలు కావలసినప్పుడు తప్ప ఆయనతో ఎవరికీ పని లేదు.

నాకు ఎనిమిదేండ్లు. సాయంకాలం ఆయన ఇంటికి వచ్చి, లోపలి జేబులోనుండి మడతపెట్టిన కాగితం తీసేవారు. తలుపు దగ్గరగా వేసి, "గిదేం రాసిండ్రురా, జర చదువు" అనేవారు. నేను కూడబలుక్కొని చదివేవాడిని. అర్థం కాని చోట్ల ఆయనే తెలుగులో ఊహించి చెప్పేవారు. తెలుగు ఆయనకు నాకన్న బాగా వచ్చును గదా! అక్షరాలు మాత్రమే నావి. నాలుగైదు నెలలు గడచిన తరువాత, ఒకనాడు చాపమీద బలపంతో "అ" దిద్దించాను. వ్రేళ్ళు కుడినుండి ఎడమకే పోయేవి. నలుబది దాటిన మనిషి చేతిని నా చిన్న చేతితో పట్టుకొని ఎడమనుండి కుడికి లాగుట నాకు ఇప్పటికీ అరచేతిలో తెలుస్తుంది. నవ్వు వచ్చింది. నవ్వాను కూడా. ఆయన బలపం క్రింద పెట్టి లేచిపోయారు. ఆపైన కాగితాలు తెచ్చారు గాని, బలపం మరల పట్టలేదు.

2017లో తెలంగాణలో ఉర్దూను రెండవ అధికార భాషగా చేశారు. నేను పదవీ విరమణ పొందిన సంవత్సరమే. అప్పటికి మా నాయన లేరు. 2018లో అన్ని బడులలో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అప్పటికి నేను బడిలో లేను.

నా సర్వీసులో తరగతిలో ఒక్క పిల్ల, ఒక్క పిల్లవాడు కుడినుండి ఎడమకు వ్రాసి ప్రక్కవాడు నవ్వితే, నాకు ఎక్కడలేని కోపం వచ్చేది. సహోపాధ్యాయులు కూడా ఆశ్చర్యపడేవారు, ఇంత చిన్న విషయానికి అంత కోపమా అని. ఉర్దూ మాధ్యమం తరగతులు వేస్తామంటే చాలామంది తప్పించుకొనేవారు. నేను అడిగి వేయించుకొనేవాడిని. సంస్కృతాంధ్రాలు నేర్చిన పండితుడు అఆలు దిద్దించే తరగతి ఎందుకు కోరుకొంటాడని ఒక ప్రధానోపాధ్యాయుడు అడిగితే, అక్కడ పిల్లలు అల్లరి చేయరండీ అని అన్నాను. అదీ అబద్ధమే. వారు చేసే అల్లరి ఇంతా అంతా కాదు.

ఆమె ఫోను నంబరు ఆనాడు తీసుకొనుట మరచాను. పాత సహోద్యోగి ఒకరు సంపాదించి ఇచ్చారు. రేపు ఆదివారం, ఆమెకు సెలవు. మధ్యాహ్నం నమాజు అయిన తరువాత ఫోను చేసి, ఆ రోజు చెప్పినది నిజం కాదని చెప్పాలి. తరువాత వాళ్ళ అమ్మీ ఇప్పుడు ఎట్లున్నదో అడగాలి.